మేక కాని మేక: మీరు అడిగినవి, నేను చూసినవి

పోయిన నెల ఈ పేజీలో, అమెరికాలో మా బిడ్డ దగ్గరికి పోయినప్పుడు చూసిన తెల్ల కొండమేకల గురించి నాలుగు ముక్కలు రాశాను. నట్టల మందు గురించి రాస్తే మూడు ఉత్తరాలు వచ్చే పేజీ ఇది. ఈసారి నలభై దాకా వచ్చాయి. సగం మంది వాట్సాప్‌లో వీడియోలు కూడా పంపారు. అందుకే ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. ముప్పై నాలుగేళ్లు దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు పశువుల డాక్టరుగా తిరిగి రిటైరైన మనిషిని. మౌంటెన్ గోట్ అనే ఆ కొండమేకను నేను చూసింది మోంటానా రాష్ట్రంలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో, జులై నెలలో, రెండు రోజులు. మిగతాది అంతా వచ్చాక కూర్చుని చదువుకున్నది.

ప్రశ్న: సార్, నిలువు డ్యాం గోడ మీద మేకలు బల్లుల్లాగా పాకుతున్న వీడియో మా గ్రూపులో తిరుగుతోంది. కంప్యూటర్‌లో చేసిందని కొందరు, నిజమని కొందరు. మీరు చూసినవి ఇవేనా? మా సాగర్ డ్యాం కూడా రాళ్లతో కట్టిందే కదా, దాని మీద ఒక్క మేక ఎక్కగా నేను చూడలేదు.
— టీ కొట్టు యజమాని, నాగార్జునసాగర్

వీడియో నిజమే, మేక మాత్రం వేరు. అది ఇటలీ ఉత్తరాన ఆల్ప్స్ పర్వతాల్లో ఉన్న చింజినో డ్యాం. ఎత్తు యాభై మీటర్ల దాకా ఉంటుంది, అంటే మీ సాగర్ ఎత్తు 124 మీటర్లలో సగానికి తక్కువే. గోడ మీద కనిపించేవి ఐబెక్స్ అనే అడవిమేకలు. వీడియోను ఆపి ఆపి చూడండి. ఆ గోడ నున్నగా లేదు, రాళ్ల అంచులు వేలెడంత బయటికి పొడుచుకొని ఉన్నాయి. ఐబెక్స్‌కు ఆ వేలెడు చాలు. ఇంకో సంగతి గమనించారా? అంత పైకి ఎక్కేవి దాదాపు అన్నీ ఆడవి, పిల్లలే. బరువైన పోతులు ఆ పనికి దిగవు.

అవి అక్కడికి పోయేది గోడ రాళ్ల మీద పేరుకున్న ఉప్పు కోసం. మన మేకకు కాపరి దొడ్డిలోనే ఉప్పు పెడతాడు, చుట్టూ తుమ్మకాయ ఉంది, రేగుకంప ఉంది. సాగర్ గోడ ఎక్కే ఖర్మ దానికెందుకు?

ఐబెక్స్ ఇప్పుడు వేలల్లో కనిపిస్తున్నది కానీ, రెండు వందల ఏళ్ల కింద వేటకు బలై వంద దాకా మిగిలింది. ఇటలీలో గ్రాన్ పారడీసో అనే ఒక్క చోట. 1856లో అక్కడి రాజు దాన్ని తన సొంత వేటకు కట్టడి చేసుకున్నాడు, 1922లో అది నేషనల్ పార్కు అయింది. ఇవాళ ఆల్ప్స్‌లో తిరిగే మందలన్నీ ఆ వందలోంచి వచ్చినవే. రాజు తాను వేటాడుకోవడానికే కాపాడాడు, అది వేరే ముచ్చట.

ప్రశ్న: డాక్టర్ సాబ్, నాకు అరవై మేకలు ఉన్నాయి. రోజూ ఖిల్లా గుట్ట వైపే తోలుతాను. వానకాలం వచ్చిందంటే తడిబండ మీద జారి పడుతున్నాయి, పోయిన ఏడాది ఒకదానికి కాలు విరిగింది. ఆ కొండమేకలు మంచు మీద కూడా జారవని రాశారు. వాటి కాళ్లలో ఏముంది?
— మేకల కాపరి, దేవరకొండ

తమ్మీ, నలభై ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. జవాబు కొంచెం పొడుగు, ఓపిక పట్టు.

ఇవాళ సాయంత్రం దొడ్డికి తోలినాక ఒక మేకను మోకాళ్ల మధ్య పట్టుకొని, ముందు కాలు మడిచి, గిట్ట తిరగేసి చూడు. రెండు వేళ్లు కనిపిస్తాయి. ఒక్కో వేలి చుట్టూ మన బొటనవేలి గోరు లాంటి గట్టి అంచు. లోపల బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయే మెత్తటి భాగం. అంచు నేలను కొరుకుతుంది, మెత్తటిది నేలను పట్టుకుంటుంది. మన మేకకూ ఈ రెండూ ఉన్నాయి. కొండమేకలో తేడా ఏమిటంటే, ఆ మెత్తటి భాగం అంచు కంటే కిందికి ఉబ్బి ఉంటుంది, గరుకుగా ఉంటుంది. కొత్త రబ్బరు చెప్పు అడుగు లాంటిదనుకో. బండ మీద రబ్బరు పని చేస్తుంది, గడ్డకట్టిన మంచు మీద అంచు పని చేస్తుంది.

రెండోది, ఆ రెండు వేళ్లూ బాగా విడిపోతాయి. దిగేటప్పుడు బరువంతా ముందుకాళ్ల మీద పడుతుంది కదా, అప్పుడు వేళ్లు వి ఆకారంలో విచ్చుకొని మధ్యలోకి రాయో మట్టో చిక్కుకుంటుంది. అదే బ్రేకు. అది కూడా చాలకపోతే వెనక వేలాడే రెండు చిన్న గిట్టలు ఉన్నాయి చూడు, మనం పట్టించుకోనివి, అవి నేలకు ఆని పట్టు ఇస్తాయి.

మూడోది భుజం. మొదటిసారి బైనాక్యులర్‌లో చూసినప్పుడు నాకు గూని ఉన్న మేకలా అనిపించింది. గూని కాదు, అంతా కండ. ముందుకాలు ఒకటి పై అరుగు మీద ఆనిస్తే చాలు, ఒళ్లంతా పైకి లాక్కోగలదు. పక్క నుంచి చూస్తే ఎద్దు పిల్లలా బలిష్ఠంగా కనిపించేది, ఎదురుగా తిరిగితే సన్నగా, ఇంతే ఉందా అనిపిస్తుంది. గోడకు ఆనుకొని నడవాలంటే ఆ సన్నదనమే కావాలి. అరవై డిగ్రీలు దాటిన వాలు మీద కూడా నడుస్తుంది, ఒక్క దూకుకు మూడున్నర మీటర్ల దాకా దాటగలదు.

కానీ నేను చూసిన రెండు రోజుల్లో ఒక్కటి కూడా అంత దూరం దూకలేదు. ఒక ఆడమేక సన్నటి అరుగు మీద నిలబడి కింది రాతి మీద కాలు పెట్టింది. నొక్కింది. తీసింది. జానెడు ఇవతల పెట్టింది. మళ్లీ నొక్కింది. రాయి కదిలిందో ఏమో, వెనక్కి తీసుకుంది. తర్వాత అక్కడే నిలబడి నెమరు వేసుకుంటూ ఉండిపోయింది. నేను గడియారం చూశాను, పదకొండు నిమిషాలు. మా అల్లుడికి విసుగొచ్చి కారులో కూర్చున్నాడు. తర్వాత అది వచ్చిన దారినే తిరిగి పోయింది. యూట్యూబ్‌లో దూకేవి చూపిస్తారు, తిరిగి పోయేది ఎవరు చూపిస్తారు!

ఇక నీ మేకల సంగతి. గిట్ట తిరగేసినప్పుడు అంచు పెరిగి లోపలికి మడతపడి ఉంటే, మెత్తటి భాగం నేలకే తగలదు. అలాంటి మేక జారక ఏం చేస్తుంది? వానలకు ముందే పదునైన కత్తితో పెరిగిన అంచు మాత్రం కోయి, గులాబీ రంగు కనిపించగానే ఆపు, లేకపోతే రక్తం వస్తుంది. వేళ్ల మధ్య పుండు, వాసన ఉంటే పది లీటర్ల నీళ్లలో అరకిలో మైలుతుత్తం కలిపి ఆ నీళ్లలో నిలబెట్టు. ఆ నీళ్లు మాత్రం తాగనియ్యకు, విషం. పక్కన గొర్రెలు ఉంటే ఇంకా జాగ్రత్త, మేక తట్టుకున్నంత కూడా గొర్రె తట్టుకోదు.

ప్రశ్న: తాతగారూ, అంత ఎత్తులో ఉంటే అవి ఎప్పుడూ పడిపోవా? వాటి పిల్లలకు భయం ఉండదా?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, నాగర్‌కర్నూల్

పడతాయి బిడ్డా. జారి పడి చనిపోయేవి ఉన్నాయి. మంచుచరియలు విరిగి మీద పడితే వాటి కింద పోయేవి ఇంకా ఉన్నాయి. ఎంత బాగా ఎక్కేవైనా కొండ విరిగితే ఏం చేస్తాయి? అన్నీ తప్పించుకున్నది పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతుంది. చివరికి పళ్లు అరిగిపోయి, గడ్డి నమలలేక చలికాలంలో చిక్కిపోతుంది.

పిల్లలు మే చివర్లో, జూన్ మొదట్లో పుడతాయి. పుట్టినప్పుడు మూడు కిలోలు. తడి ఆరక ముందే లేచి నిలబడతాయి, కొన్ని గంటల్లోనే తల్లి వెంట రాళ్లు ఎక్కడం మొదలుపెడతాయి. తల్లి ఒక పని చేస్తుంది. వాలు మీద నడిచేటప్పుడు పిల్లను కొండ వైపు ఉంచి తాను లోయ వైపు నడుస్తుంది. పిల్ల జారితే ముందు తల్లి కాళ్లకు తగిలి ఆగుతుంది. మీ అమ్మ రోడ్డు దాటేటప్పుడు నిన్ను బండ్లు రాని వైపు ఉంచి చెయ్యి పట్టుకునేది గుర్తుందా, అచ్చం అదే.

భయం ఉంటుందా అని అడిగావు. నేను చూసిన ఒక పిల్ల పడుకున్న తల్లి వీపు మీదికి ఎక్కింది, అక్కడి నుంచి బండ మీదికి దూకింది, మళ్లీ వీపు ఎక్కింది. ఆరేడు సార్లు ఇదే పని. ఒకసారి కాలు తప్పి మూరెడు కింద బొక్కబోర్లా పడింది. లేచి చెవులు విదిలించి మళ్లీ ఎక్కింది. మన మేకపిల్లలు పశువుల తొట్టి మీద, గడ్డి మోపు మీద చేసే ఆటే. తల్లి కళ్లు కూడా తెరవలేదు.

అంత ఎత్తులో ఉండేది ఎందుకంటే తోడేలు అక్కడికి రాలేదు, ఎలుగుబంటికి కష్టం. కొండసింహం మాత్రం అప్పుడప్పుడు వస్తుంది. పిల్లలకు పై నుంచి ఇంకో టెన్షన్ ఉంది, గరుడపక్షి. అందుకే మొదటి వారాల్లో అవి తల్లి పొట్ట కిందే ఎక్కువగా కనిపిస్తాయి.

ప్రశ్న: సార్, షెడ్డు వేసి నూట యాభై మేకలు పెంచుతున్నాను. మీరు రాసిన కొండమేక పోతు నూరు కిలోలు దాటుతుందట కదా. దాని వీర్యం తెప్పించి మన మేకలతో క్రాస్ చేయిస్తే మంచి లాభం కదా?
— యువ రైతు, కల్వకుర్తి

బాబూ, కుదరదు. దాన్ని గోట్ అని పిలుస్తున్నారే కానీ అది అసలు మేక జాతి కాదు. మన మేకకు క్రోమోజోములు 60, దానికి 42. హిమాలయాల్లో తిరిగే గోరల్, సీరో అనే కొండజీవాలకు, ఆల్ప్స్‌లోని షామీ అనే కొండజీవానికి దూరపు చుట్టం అది. మేకకూ గొర్రెకూ వరసకు బంధువు, అంతే.

క్రాస్ అయినా నీకు లాభం లేదు. ఆడది మొదటి ఈత ఈనేసరికి నాలుగైదేళ్లు వస్తాయి. ఆరు నెలల సూడి. ఈనితే ఒక్కటే పిల్ల, కవలలు అరుదు. మన ఊరి మేక రెండేళ్లలో మూడు ఈతలు ఈని, ఆరు పిల్లలను నీ చేతిలో పెడుతుంది. మైనస్ 46 డిగ్రీల చలిని తట్టుకునే ఆ జీవం ఎండాకాలంలో అక్కడి పాటి వేడికే మంచు ముద్దలు వెతుక్కొని వాటి మీద పడుకుంటుంది. నీ రేకుల షెడ్డులో రోహిణి కార్తె ఎక్కడ గడుపుతుంది?

మా ఇంటావిడ దాన్ని చూసి మొదట అడిగిన మాట ‘పాలెన్ని ఇస్తది?’ అని. నువ్వు ఆమె కంటే ఒక అడుగు ముందున్నావు.

ప్రశ్న: మాకు పొట్టేళ్ల పోరు చూడటం సరదా. కొండమేక పోతులు కూడా అట్లే తల ఢీకొంటాయా?
— పాఠకుడు, సూర్యాపేట

ఢీకొనవు. ఢీకొంటే చస్తాయి. పొట్టేలు తలలా వాటి పుర్రె మందంగా ఉండదు. కొమ్ములు నల్లగా, ముప్పై సెంటీమీటర్ల లోపే, కానీ బాకుల్లా మొన తేలి ఉంటాయి. రెండు పోతులు ఒకదాని తల పక్కన ఇంకోదాని తోక వచ్చేలా నిలబడి గుండ్రంగా తిరుగుతూ పిర్ర మీద, పొట్ట మీద పొడుచుకుంటాయి. దానికి తగ్గట్టు పిర్ర మీది తోలు రెండు సెంటీమీటర్ల మందం దాకా ఉంటుంది. అయినా చాలా వరకు పోట్లాటలు ఒళ్లు విరుచుకొని పక్కకు తిరిగి నిలబడి, నా సైజు చూడు అని బెదిరించుకోవడంతోనే ముగుస్తాయి.

పోతులు ఇలా తలపడేది నవంబరు చుట్టూ ఎదకాలంలోనే. మిగతా ఏడాదంతా పెత్తనం ఆడవాటిదే. మంచి మేత, మంచి అరుగు ఎక్కడుంటే అక్కడ పెద్ద ఆడమేక నిలబడుతుంది, నూరు కిలోల పోతు పక్కకు జరుగుతుంది.

ప్రశ్న: కొండమేకలు మనుషులు పోసిన మూత్రం నాకుతాయని రాశారు. మా అత్తమ్మ అది చదివి, ఛీ అని పత్రిక పక్కన పెట్టేసింది. అంత శుభ్రమైన చోట ఉండే జంతువుకు ఆ అలవాటు ఏమిటి సార్?
— ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్

మీ అత్తమ్మగారికి నా తరఫున క్షమాపణ చెప్పండి. అది అలవాటు కాదమ్మా, ఆకలి. ఉప్పు ఆకలి.

చలికాలమంతా ఎండుగడ్డి, నాచు, పొదల కొమ్మలు తిని బతికిన మేకకు వేసవి రాగానే లేత పచ్చిక దొరుకుతుంది. ఆ లేత పచ్చికలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపే క్రమంలో ఒంట్లో ఉన్న సోడియం కూడా పోతుంది. పేడ నీళ్లగా పడుతుంది. అదే సమయంలో తల్లులు పాలిస్తుంటాయి, పాలల్లోకీ ఉప్పు పోవాలి. సముద్రానికి దూరంగా ఉన్న ఎత్తైన కొండల్లో ఉప్పు ఎక్కడ దొరుకుతుంది?

మన ఊళ్లలో చూడండి. మేక గోడ నాకుతుంది, కాపరి చొక్కా నాకుతుంది, ఉచ్చ పోసిన చోట మట్టి నాకుతుంది. మా దగ్గరికి వచ్చి, దయ్యం పట్టింది సార్ అనేవాళ్లు. ఒక ఉప్పు ఇటుక తెచ్చి దొడ్డిలో వేలాడదీయమంటే, వారంలో దయ్యం దిగిపోయేది.

గ్లేసియర్ పార్కు దక్షిణపు అంచున హైవే పక్కనే నది పైన ఒక బూడిద రంగు మట్టి గట్టు ఉంది. పేరే గోట్ లిక్, అంటే మేకలు నాకే చోటు. నేను కొండమేకలను ఎక్కువసేపు చూసింది అక్కడే. పొద్దున ఏడు గంటలకు పోతే తొమ్మిది ఉన్నాయి. ఆ గట్టు వాటి గుట్టలకు దగ్గరేమీ కాదు. ఎన్నో కిలోమీటర్లు నడిచి, అడవిలోంచి, తమకు ప్రమాదమైన పల్లపు దారిలోంచి దిగి వస్తాయి. హైవే దాటాల్సి వస్తుందని అక్కడి వాళ్లు రోడ్డును వంతెనలా లేపి కింద నుంచి దారి వదిలారు. మట్టి గట్టుకు నోరు ఆనించి కళ్లు మూసుకొని నాకుతున్న మేకను చూస్తుంటే, నాకు మా నాయన గుర్తొచ్చాడు. చింతకాయ తొక్కు నాలుక మీద పెట్టుకున్నప్పుడు ఆయన ముఖం అట్లాగే ఉండేది.

మనుషులు వచ్చాక ఉప్పు తేలికగా దొరుకుతున్నది. గుట్ట ఎక్కేవాళ్ల చెమట అంటిన బ్యాగు పట్టీలు, దారి పక్కన పోసిన మూత్రం. లోగన్ పాస్ అనే కనుమ దగ్గర, రెండు వేల మీటర్ల ఎత్తున, కార్లు ఆపుకునే చోట రేడియేటర్ లోంచి కారిన కూలెంట్ కూడా నాకుతాయి. అక్కడి సిబ్బంది మేకలను తరమడానికి 2016లో ఒక బోర్డర్ కోలీ కుక్కకు ట్రైనింగ్ ఇచ్చారు. కాపరి కుక్క ఉద్యోగం అమెరికాలో కూడా అదేనన్న మాట! మేకలు అక్కడికి చేరడానికి ఉప్పు ఒక కారణమైతే, జనం ఉన్న చోటికి ఎలుగుబంట్లు, తోడేళ్లు జంకడం ఇంకో కారణం.

ఇది ముద్దుగా కనిపిస్తుంది కానీ ముద్దు వ్యవహారం కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ పార్కులో 2010లో ఒక పోతు ఒక మనిషిని తొడలో పొడిచింది, ఆయన చనిపోయాడు. అక్కడ కొండమేక అసలు ఆ కొండలదే కాదు, 1920లలో వేట సరదా కోసం పన్నెండు దాకా బయటి నుంచి తెచ్చి వదిలారు. అవి పెరిగి వందలై, అక్కడి మొక్కలను తొక్కి మేసి, మనుషుల వెంట పడ్డాయి. చివరికి 2018 నుంచి 2020 దాకా మూడు వందలకు పైగా మేకలను పట్టి, కళ్లకు గంతలు కట్టి, హెలికాప్టర్ కింద జోలెల్లో వేలాడదీసి, వాటి సొంత ప్రాంతమైన కాస్కేడ్ పర్వతాలకు తరలించారు. ఒలింపిక్ కొండల్లో ఉప్పు మట్టి గట్లు దాదాపు లేవు. మేకను తెచ్చిన వాళ్లు దానికి ఉప్పు ఎట్లా అని మాత్రం ఆలోచించలేదు. మన దగ్గర దొడ్డి కట్టేవాడు ముందు నీళ్లు, ఉప్పు ఎక్కడ పెట్టాలో చూస్తాడు.

ప్రశ్న: మా నల్లమలలో కొండగొర్రె ఉంది. మీ కొండమేకకు ఇది చుట్టమా? మన దేశంలో అట్లాంటి మేకలు లేవా?
— పాఠకుడు, మన్ననూరు

కొండగొర్రె పేరుకే గొర్రె. అది చౌసింగా, నాలుగు కొమ్ముల జింక లాంటి జీవం, మగవాటికి చెవుల మధ్య రెండు, నుదుటి మీద ఇంకో రెండు పొట్టి కొమ్ములు. దాని దగ్గరి చుట్టం నీల్‌గాయ్. ఇరవై కిలోల బరువు, ఒంటరి తిరుగుడు, నీళ్లకు దూరం పోదు. నేను అమ్రాబాద్ వైపు పనిచేసినన్నాళ్లలో నాలుగు సార్లు కనిపించింది, నాలుగు సార్లూ దాని వెనక భాగమే.

నిజమైన కొండ బతుకు చూడాలంటే మున్నార్ పోండి. ఎరవికుళం పార్కులో నీలగిరి తార్ ఉంది. తమిళంలో వరైయాడు, వరై అంటే కొండ చరియ, ఆడు అంటే మేక. తమిళనాడు రాష్ట్ర జంతువు. దాన్ని కూడా మేక అని పిలిచారు, తీరా జన్యువులు చూస్తే గొర్రెకే దగ్గర అని తేలింది. పేర్లు పెట్టేటప్పుడు మన మన్ననూరు వాళ్లనూ అమెరికా వాళ్లనూ అనడానికి లేదు, అందరిదీ ఒకటే తీరు. పిల్లలు పుట్టే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ పార్కు మూసేస్తారు, కనుక్కొని బయలుదేరండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, అమెరికా మేకతో మాకేం పని? పారుడు రోగంతో మందలు పోతుంటే మీరు విహారయాత్రలు రాస్తున్నారు.
— గొర్రెల పెంపకందారు, మిర్యాలగూడ

మీ కోపం న్యాయమే. నాలుగు నెలలు నిండిన ప్రతి పిల్లకూ పారుడు రోగం రాకుండా పీపీఆర్ టీకా వేయించండి, ఒకసారి వేస్తే మూడేళ్లు కాపాడుతుంది. కొత్తగా సంతలో కొన్న జీవాన్ని మందలో కలపకుండా మూడు వారాలు విడిగా కట్టేయండి. మందలు పోయేది చాలాసార్లు సంత నుంచి తెచ్చిన ఆ ఒక్క జీవం వల్లే. చిటుక రోగం టీకా తొలకరి కంటే ముందే. వచ్చే నెల పేజీ మొత్తం మీదే, మాట ఇస్తున్నా.

ప్రశ్న: మేము కుర్మోళ్లం. మా అత్త వడికేది, మామ గొంగడి నేసేది. కొండమేకకు జానెడు బొచ్చు ఉంటదని రాశారు. దాంతో ఎవరన్నా నేస్తరా? మెత్తగ ఉంటదా, మన నల్ల గొర్రె బొచ్చు లెక్కనా?
— పాఠకురాలు, నారాయణపేట

నేస్తారక్కా. అమెరికా పడమటి తీరంలో సేలిష్ అనే ఆదివాసీ జాతులు ఉన్నాయి. వాళ్ల ఆడవాళ్లు ఎండాకాలం గుట్టలకు పోయి, మేకలు రుద్దుకున్న పొదలకు చిక్కిన బొచ్చు ఏరుకొచ్చేవాళ్లు. కదురు మీద వడికి, మగ్గం మీద దుప్పట్లు నేసేవాళ్లు. ఉన్ని చాలకపోతే కలపడానికి బొచ్చు కుక్కలను ప్రత్యేకంగా పెంచుకునేవాళ్లు, గొర్రెను కత్తిరించినట్టే వాటిని కత్తిరించేవాళ్లు. ఆ దుప్పటి ఇంట్లో ఎన్ని ఉంటే ఆ ఇంటికి అంత పరువు. పెద్ద మనుషులకు కప్పి గౌరవించేవాళ్లు. మీ దగ్గర కొత్త గొంగడి కప్పినట్టే.

ఆ మేకకు రెండు పొరలు. పైన జానెడు పొడుగు వెంట్రుకలు, ఆ వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది, అందులో గాలి నిలిచి చలిని ఆపుతుంది. కింద దట్టమైన సన్నటి ఉన్ని. లడఖ్ మేకల నుంచి పష్మీనా తీస్తారు చూశారా, అది కూడా ఇట్లాంటి లోపలి పొరే. మన గొంగడికి చింతగింజల గంజి పెట్టి గట్టిపరుస్తాం, వాన చుక్క జారిపోవాలని. ఆ ఉన్నికి గంజి పెడితే పాపం చేసినట్టే.

ఎండాకాలం ఆ కోటు ఊడిపోతుంది. ముందు పోతులవి ఊడతాయి, చివర పాలిచ్చే తల్లులవి. నేను చూసిన జులైలో పోతులు నున్నగా గొరిగించుకున్నట్టున్నాయి, తల్లులు మాత్రం చినిగిన బొంత కప్పుకున్నట్టు వీపు మీద నుంచి పీలికలు వేలాడదీసుకొని తిరుగుతున్నాయి.

మెత్తదనం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా. లోగన్ పాస్ దారి పక్కన మోకాలెత్తు ఫిర్ పొద ఒకటి ఉంది. దాని కొమ్మకు గుప్పెడు తెల్ల ఉన్ని చిక్కి ఉంది. తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాను. ఏమీ తగలలేదు. వెచ్చదనం మాత్రం తెలిసింది. ఇంకొంచెం నలిపితే సన్నటి దారంలా మెలితిరిగింది, మీ అత్తగారి చేతిలోనైతే అక్కడే నూలు అయ్యేది. రుమాలులో కట్టుకుందామని జేబులో చెయ్యి పెట్టాను. మా బిడ్డ చూసింది. ‘నాయనా, పార్కులో పుల్ల కూడా తీయొద్దు, ఫైన్ వేస్తరు’ అంది. మెలి విప్పి, ఉబ్బేలా విదిలించి, ఎక్కడ తీశానో ఆ కొమ్మకే మళ్లీ తగిలించి వచ్చాను.